ఈఎంఐలో కొన్న ఫోన్ వారంటీలోనే పాడైతే ఏం చేయాలి

"ఫోన్ కొని నాలుగు నెలలైంది. స్క్రీన్ మీద ఆకుపచ్చ గీత వచ్చింది. సర్వీస్ సెంటర్‌లో అడిగితే వారంటీ వర్తించదంటున్నారు. ఇంకా ఎనిమిది కిస్తీలు ఉన్నాయి. ఈఎంఐ కట్టడం ఆపేయొచ్చా?"

ఫోన్ మోడల్ మారుతుంది, నెలల లెక్క మారుతుంది, నన్ను అడిగేవాళ్ల ప్రశ్న మాత్రం ఇదే. ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పేకన్నా మొత్తం ఒకచోట రాస్తే నయమనిపించింది.

ముందు ఆ చివరి ప్రశ్నకు జవాబు. ఆపకండి. ఫోన్ అమ్మింది షాపు, తయారు చేసింది కంపెనీ, అప్పిచ్చింది బ్యాంకో ఫైనాన్స్ సంస్థో. షాపుకు రావాల్సిన డబ్బు మీరు కొన్నప్పుడే ఫైనాన్స్ వాళ్లు కట్టేశారు. ఇప్పుడు మీరు కిస్తీ ఎగ్గొట్టినా షాపుకు చీమ కుట్టినట్టు కూడా ఉండదు. ఆటో డెబిట్ బౌన్స్ అయితే ఇటు మీ బ్యాంకు, అటు ఫైనాన్స్ సంస్థ రెండూ చార్జీలు వేస్తాయి, సిబిల్ స్కోరు పడిపోతుంది. రేపు ఇంటి లోన్‌కు వెళ్లినప్పుడు ఈ ఫోన్ కిస్తీ అడ్డం వస్తుంది. కట్టేది కడుతూనే పోట్లాడాలి.

ఇంకో అనుమానం కూడా చాలామందికి ఉంటుంది: "పూర్తి డబ్బే కట్టలేదు, నాకు అడిగే హక్కు ఉందా?" ఉంది. 2019 వినియోగదారుల రక్షణ చట్టం సెక్షన్ 2(7) చూడండి. డబ్బు మొత్తం కట్టినవాళ్లే కాదు, కొంత కట్టి మిగతాది కడతామన్నవాళ్లూ, వాయిదాల మీద కొన్నవాళ్లూ వినియోగదారులే. బావమరిది కార్డు మీద ఈఎంఐ పెట్టించి ఫోన్ మీరు వాడుతున్నా సరే. కొన్నవాళ్ల అనుమతితో వాడేవాళ్లు కూడా ఆ నిర్వచనంలోకే వస్తారు. డెలివరీ పని చేసుకునేవాళ్లు బతుకుదెరువు కోసం కొనుక్కున్న ఫోన్‌ను వ్యాపారం కోసం కొన్నట్టు లెక్కించకూడదని కూడా అదే సెక్షన్‌లో వివరణ ఉంది.

దగ్గర ఉంచుకోవాల్సినవి

- కొన్న బిల్లు. షాపు పేరు, తేదీ, జీఎస్టీ నంబర్, ఫోన్ ఐఎంఈఐ నంబర్ (ఒక్కో ఫోన్‌కు విడిగా ఉండే 15 అంకెల గుర్తింపు సంఖ్య) ఉన్న ట్యాక్స్ ఇన్వాయిస్ కావాలి. ఎస్టిమేట్ చీటీ పనికిరాదు.
- ఫోన్ పెట్టె, లేకపోతే కనీసం దాని మీది ఐఎంఈఐ స్టిక్కర్ ఫొటో.
- పెట్టెలో వచ్చిన వారంటీ పత్రం. చార్జర్, కేబుల్‌కు చాలా కంపెనీలు ఆరు నెలలే ఇస్తాయి, ఫోన్‌కు ఏడాది.
- లోన్ అగ్రిమెంట్, కిస్తీల పట్టిక.
- ఇంతకుముందు రిపేరుకు ఇచ్చి ఉంటే ఆ జాబ్ షీట్లన్నీ (ఫోన్ తీసుకున్నప్పుడు సర్వీస్ సెంటర్ ఇచ్చే కాగితాలు).

బిల్లు పోయిందా? ఆన్‌లైన్‌లో కొంటే ఆర్డర్ల పేజీలో దొరుకుతుంది. షాపులో కొంటే మీ మొబైల్ నంబర్ చెప్పి మళ్లీ ప్రింట్ అడగండి. వాళ్లు కుదరదంటే ఫైనాన్స్ సంస్థను అడగండి. బిల్లు చూడకుండా అప్పు ఇవ్వరు కాబట్టి వాళ్ల ఫైల్లో సాధారణంగా ఒక కాపీ ఉంటుంది. ఈ దారి చాలామందికి తట్టదు.

1. లోపం కనబడిన రోజే వీడియో తీయండి

ఇంకో ఫోన్‌తో తీయండి. స్క్రీన్ మీద తేదీ, టైము కనబడాలి. సెట్టింగ్స్‌లోకి వెళ్లి ఐఎంఈఐ చూపించి, ఆపకుండా అదే వీడియోలో లోపాన్ని చూపించండి. ఆగి ఆగి వచ్చే లోపాలకు ఇది మరీ ముఖ్యం. కౌంటర్ దగ్గర ఫోన్ బుద్ధిమంతుడిలా పనిచేస్తుంది, ఇంటికి రాగానే మళ్లీ మొదలవుతుంది. అప్‌డేట్ చేశాకే సమస్య వచ్చి ఉంటే, ఆ అప్‌డేట్ తేదీ, వెర్షన్ నంబర్ ఉన్న పేజీని కూడా స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి.

వీధి చివరి రిపేరు షాపులో "ఒకసారి విప్పి చూడన్నా" అనే పని మాత్రం చేయకండి. సీల్ ఊడిందంటే వారంటీ పోయినట్టే, తర్వాత ఎంత వాదించినా ఎవరూ వినరు.

2. కొని ఎన్ని రోజులైందో లెక్క చూసుకోండి

కొన్న మొదటి వారం పది రోజుల్లోనే పాడైతే రిపేరుకు ఒప్పుకోకండి, కొత్త ఫోన్ అడగండి. చాలా కంపెనీలకు దీనికి ప్రత్యేక పద్ధతి ఉంది. సర్వీస్ సెంటర్ వాళ్లు పరీక్షించి డీఓఏ (డెడ్ ఆన్ అరైవల్, అంటే వచ్చినప్పుడే పాడై ఉంది) సర్టిఫికెట్ ఇస్తారు, అది చూపిస్తే షాపు ఫోన్ మార్చి ఇస్తుంది. ఈ గడువు కంపెనీని బట్టి, కొన్న చోటును బట్టి మారుతుంది కాబట్టి బిల్లు వెనకా, ఆర్డర్ పేజీలోనూ చూడండి. "రెండు రోజులు చూద్దాం, అదే సర్దుకుంటుందేమో" అని ఆగితే ఆ రెండు రోజుల్లోనే గడువు దాటిపోతుంది.

బిల్లు మీద "అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు" అని అచ్చువేసి ఉందా? లోపం ఉన్న వస్తువుకు ఆ మాట చెల్లదు. బిల్లులో చెప్పిన గడువులో, గడువేమీ లేకపోతే 30 రోజుల్లో, లోపమున్న వస్తువును వెనక్కి తీసుకోవడానికి నిరాకరించడాన్ని అదే 2019 చట్టం సెక్షన్ 2(47) అనుచిత వ్యాపార పద్ధతి అంటుంది. షాపులో గొంతు పెంచకుండా ఈ సెక్షన్ నంబర్ చెప్పి చూడండి.

3. ఫోన్ అప్పగించే ముందు ఖాళీ చేయండి

ఫొటోలు, కాంటాక్టులు, వాట్సాప్ చాట్లు బ్యాకప్ తీయండి. సిమ్, మెమరీ కార్డు తీసేయండి. యూపీఐ యాప్‌ల నుంచి లాగౌట్ అవండి. ఫోన్ పనిచేసే స్థితిలో ఉంటే పూర్తిగా రీసెట్ చేసి, గూగుల్ లేదా ఐక్లౌడ్ ఖాతా తీసేసి ఇవ్వడం మంచిది. కొన్ని ఫోన్లలో మెయింటెనెన్స్ మోడ్, రిపేర్ మోడ్ అని ఉంటాయి. అవి ఆన్ చేస్తే మీ డేటా కనబడకుండా టెక్నీషియన్ పరీక్షించుకోవచ్చు. స్క్రీన్ లాక్ పిన్‌ను జాబ్ షీట్ మీద రాసి ఇవ్వకండి.

ఫోన్ అసలు ఆన్ కాకపోతే బ్యాకప్ కుదరదు. డేటా పోతే బాధ్యత మాది కాదని వాళ్లు ముందే సంతకం చేయించుకుంటారు. అలాంటప్పుడు ఇంకో ఫోన్‌లోంచి మీ ఖాతాలోకి వెళ్లి ఆ పరికరాన్ని సైన్ అవుట్ చేయండి, బ్యాంకుకు చెప్పి యూపీఐ ఆపించండి.

4. జాబ్ షీట్ చదవకుండా సంతకం పెట్టకండి

అన్నిటికన్నా ఎక్కువమంది దెబ్బతినేది ఇక్కడే, అందుకే కాస్త వివరంగా చెబుతాను.

మా చెల్లెలి ఫోన్‌లో మైక్ పనిచేయకపోతే సర్వీస్ సెంటర్‌లో ఇచ్చింది. ఫోన్ కింది అంచున గోరంత గీత ఉంది, అంతే. కౌంటర్‌లో అమ్మాయి కంప్యూటర్‌లో టైపు చేసి, ప్రింట్ తీసి, "ఇక్కడ సైన్ చేయండి మేడమ్" అంది. మా చెల్లెలు చేసింది. రెండో రోజు సర్వీస్ సెంటర్ నుంచి కాల్ వచ్చింది: ఫిజికల్ డ్యామేజ్ కేసు, వారంటీ లేదు, బోర్డు మార్చాలి, డబ్బు కట్టాలి అని. షీట్ తీసి చూస్తే ఫోన్ పరిస్థితి అనే గడిలో "బాడీ బెండ్, డెంట్" అని ఉంది. కింద ఆమె సంతకం. ఆ రోజు పొద్దున ఇంటి దగ్గర తీసిన ఫొటోలు ఉండబట్టి బతికిపోయాం. నాలుగు వైపులా తీసిన ఆ ఫొటోలు మెయిల్‌లో పెట్టి, వంగిన చోటు ఎక్కడో చూపించమని అడిగితే నాలుగో రోజుకు వారంటీ కింద చేసి ఇచ్చారు. ఆ ఫొటోలు లేకపోతే అడగడానికి మా దగ్గర ఏమీ ఉండేది కాదు.

అందుకే కౌంటర్ దగ్గర ఈ గడులు ఒక్కొక్కటీ వేలు పెట్టి చదవండి:

- సమస్య: మీరు చెప్పినట్టే ఉండాలి. "ఫోన్ చెకప్" అని రాస్తే ఒప్పుకోకండి. "చార్జింగ్ కావడం లేదు, ఫలానా తేదీ నుంచి" అని రాయించండి.
- ఫోన్ పరిస్థితి: గీత ఉంటే గీత అని, ఎక్కడుందో రాయించండి. లేని డెంట్‌ను కొట్టేయించండి.
- వారంటీ: "ఇన్ వారంటీ" అని ఉండాలి.
- ఐఎంఈఐ, ఇచ్చిన తేదీ, తిరిగి ఇచ్చే తేదీ.

వారంటీ గడిలో ఏడాది కాకుండానే "అవుట్ ఆఫ్ వారంటీ" అని వస్తే కంగారు పడకండి. కంపెనీ సర్వర్ ఫోన్ మొదట ఆన్ అయిన తేదీనో, ఫ్యాక్టరీ నుంచి బయటికొచ్చిన తేదీనో చూపిస్తూ ఉండొచ్చు. బిల్లు చూపించి కొన్న తేదీ అప్‌డేట్ చేయమనండి.

షీట్ ఇవ్వం, నోటి మాటే అంటే ఫోన్ ఇవ్వకండి. వెనక్కి తీసుకుని నేరుగా ఏడో మెట్టుకు వెళ్లండి. "సార్ బిజీ, సాయంత్రం వాట్సాప్‌లో పంపిస్తాం" అన్నా అంతే.

5. వారంటీ వర్తించదంటే కారణం కాగితం మీద అడగండి

నీళ్లు తగిలాయనడం మామూలు కారణం. చాలా ఫోన్లలో సిమ్ ట్రే తీసి లోపలికి టార్చ్ కొడితే చిన్న స్టిక్కర్ కనబడుతుంది. మామూలుగా తెల్లగా ఉంటుంది, తడి తగిలితే ఎర్రబడుతుంది. ఫోన్ ఇచ్చే ముందే దాన్ని ఫొటో తీసి పెట్టుకుంటే ఈ వాదన అక్కడే తేలిపోతుంది. స్టిక్కర్ నిజంగానే ఎర్రగా ఉంటే మాత్రం వారంటీ మీద ఆశ తక్కువ. నీటిని తట్టుకుంటాయని చెప్పే ఐపీ రేటింగ్ ఉన్న ఫోన్లకు కూడా చాలా కంపెనీల వారంటీ నీటి నష్టాన్ని మినహాయిస్తుంది. అప్పుడు మీరు విడిగా డబ్బు కట్టి తీసుకున్న ప్రొటెక్షన్ ప్లాన్ ఏమైనా ఉందేమో చూడండి. కిస్తీలో కలిపి అంటగట్టిన ప్లాన్లు చాలామందికి గుర్తే ఉండవు, లోన్ కాగితాల్లో వెతకండి. వాటికి క్లెయిమ్ చెప్పే గడువు కొద్ది రోజులే ఉంటుంది.

నీళ్లు కాకుండా వేరే కారణం చెబితే, ఏ భాగం, ఏ నష్టం, దాని ఫొటో, ఈ మూడూ ఉన్న రిపోర్టు అడగండి. ఎస్టిమేట్‌కు "ఓకే" చెప్పి డబ్బు కట్టేశాక మళ్లీ వారంటీ అడగడం కష్టం. ఎస్టిమేట్‌ను ఒప్పుకోవడం లేదని రాసి, ఫోన్ వెనక్కి తీసుకోండి.

6. ఫోన్ తిరిగి తీసుకునేటప్పుడు పావుగంట అక్కడే ఉండండి

రిపేరు అయిందంటే సంతకం పెట్టి బయటికి వచ్చేయడం రెండో పెద్ద పొరపాటు. కౌంటర్ దగ్గరే ఇవి చూడండి:

- *#06# నొక్కి ఐఎంఈఐ చూసి, షీట్‌తో పోల్చండి. బోర్డు మారిస్తే నంబర్ మారొచ్చు, ఫోనే మారిస్తే మారుతుంది. మారితే కొత్త నంబర్ షీట్ మీద ఉండాలి.
- కొత్త నంబర్ అసలుదో కాదో తెలియాలంటే కేవైఎం అనే మూడు ఇంగ్లీషు అక్షరాలు, ఖాళీ, ఆ తర్వాత 15 అంకెల ఐఎంఈఐ టైపు చేసి 14422కు ఎస్సెమ్మెస్ పంపండి. ఫోన్ వివరాలు వస్తాయి. బ్లాక్ అయిన నంబర్ అని వస్తే ఫోన్ తీసుకోకండి.
- తెల్లటి బొమ్మ ఒకటి, నల్లటి బొమ్మ ఒకటి తెరమీద నిండుగా తెరిచి, వెలుగు పూర్తిగా పెంచి చూడండి. గీతలు, మచ్చలు అప్పుడే తెలుస్తాయి.
- ఒక కాల్ చేసి చెవి దగ్గర స్పీకర్, మైక్, స్పీకర్ మోడ్ మూడూ పరీక్షించండి. కెమెరాలు, వేలిముద్ర, రెండో సిమ్, వైఫై, చార్జింగ్ కూడా.

ఏ భాగం మార్చారో రాసిన కాగితం తీసుకోండి. మార్చిన భాగానికి చాలా కంపెనీలు 90 రోజులు లేదా మిగిలిన వారంటీ, ఏది ఎక్కువైతే అంత ఇస్తాయి. అదే లోపం మళ్లీ వస్తే మళ్లీ కొత్త జాబ్ షీట్ తప్పనిసరి. "మొన్న మేమే చేశాం కదా, షీట్ ఎందుకు" అంటారు. ఒకే లోపానికి మూడు షీట్లుంటే ఫోన్ మార్చమనో డబ్బు తిరిగి ఇమ్మనో అడగడానికి మీ చేతిలో అంతకు మించిన ఆధారం ఉండదు.

ఐఎంఈఐ మారితే ఆ సంగతి ఫైనాన్స్ సంస్థకు మెయిల్ చేయండి. వాళ్ల అగ్రిమెంట్‌లో పాత నంబర్ ఉంటుంది.

7. రాతపూర్వకంగా ఫిర్యాదు పంపండి

రిపేరు జరగకపోయినా, చెప్పిన తేదీ దాటినా, అదే లోపం తిరిగి వచ్చినా మెయిల్ పంపండి. షాపుకూ, కంపెనీకీ ఇద్దరికీ ఒకే మెయిల్. షాపు "మాకు సంబంధం లేదు, కంపెనీని అడగండి" అంటుంది. డబ్బు పుచ్చుకుని బిల్లు ఇచ్చింది షాపే కాబట్టి దాన్ని వదలకండి. ఇలా రాస్తే చాలు:

"ఫలానా తేదీన మీ దగ్గర ఫలానా మోడల్ ఫోన్ ఇంత ధరకు కొన్నాను. బిల్లు నంబర్ ఇది, ఐఎంఈఐ ఇది. ఫలానా తేదీ నుంచి చార్జింగ్ కావడం లేదు. రెండుసార్లు సర్వీస్ సెంటర్‌లో ఇచ్చాను, జాబ్ షీట్లు జత చేశాను. లోపం అలాగే ఉంది. 15 రోజుల్లో ఫోన్ మార్చి ఇవ్వండి, లేదా పూర్తి ధర తిరిగి ఇవ్వండి. లేకపోతే వినియోగదారుల కమిషన్‌ను ఆశ్రయిస్తాను."

తిట్లు, బెదిరింపులు, "సోషల్ మీడియాలో పెడతా" వంటివి రాయకండి. రేపు కమిషన్ సభ్యులు చదివేది ఈ మెయిలే. ఆన్‌లైన్‌లో కొంటే ఆ సైట్‌లో ఫిర్యాదులు చూసే గ్రీవెన్స్ ఆఫీసర్‌కు కూడా పంపండి. 2020 ఈ-కామర్స్ నియమాల ప్రకారం ఆయన 48 గంటల్లో ఫిర్యాదు అందినట్టు చెప్పాలి, నెలలోగా పరిష్కరించాలి.

8. 1915కు ఫోన్ చేయండి

జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ ఇది. ఉచితం, తెలుగులో మాట్లాడొచ్చు. డాకెట్ నంబర్, అంటే మీ ఫిర్యాదు నంబర్ ఇస్తారు, రాసుకోండి. వాళ్లు తీర్పు చెప్పరు, మీ ఫిర్యాదును కంపెనీకి పంపి జవాబు తెప్పిస్తారు. కంపెనీ "పరిష్కరించాం" అని అబద్ధం చెప్పి మూసేస్తే మళ్లీ చేసి ఆ విషయం నమోదు చేయించండి.

9. జిల్లా వినియోగదారుల కమిషన్

ఇక్కడికి రావడానికి జనం భయపడతారు, భయపడాల్సిన పనే లేదు. మీరు చెల్లించిన విలువ 5 లక్షల లోపు ఉంటే ఫీజు లేదు. వకీలు తప్పనిసరి కాదు. కంపెనీ ఆఫీసు బెంగళూరులో ఉన్నా గురుగ్రామ్‌లో ఉన్నా, మీరు ఉంటున్న జిల్లాలోనే వేయొచ్చు. ఈ వెసులుబాటు 2019 చట్టంతోనే వచ్చింది. ఈ-జాగృతి పోర్టల్లో ఇంటి నుంచే దాఖలు చేయొచ్చు. విచారణ వీడియోలో జరపమని అడగొచ్చు.

సమస్య మొదలైన రోజు నుంచి రెండేళ్లలోపు వేయాలి. కంపెనీతో మెయిళ్లు నడుస్తున్నాయి కదా అని ఊరుకుంటే గడువు ఆగదు.

షాపు, కంపెనీ, సర్వీస్ సెంటర్, ముగ్గురినీ ప్రతివాదులుగా చూపండి. లోన్ కూడా మూయించాల్సి ఉంటే ఫైనాన్స్ సంస్థను చేర్చండి, కానీ వాళ్ల తప్పేమీ లేనప్పుడు వాళ్ల మీద నష్టపరిహారం అడగొద్దు. అనవసరంగా కోరిన కోరిక అసలు కోరికను పలచన చేస్తుంది. లోపం సరిచేయడం, ఫోన్ మార్చడం, ధర తిరిగి ఇవ్వడం, నష్టపరిహారం, ఖర్చులు, ఇవన్నీ ఆదేశించే అధికారం కమిషన్‌కు ఉంది. ఫోన్‌ను ల్యాబ్‌కు పంపాల్సి వస్తే ఆ రుసుము మొదట మీరు కట్టాలి. చట్టం మూడు నెలల్లో, ల్యాబ్ పరీక్ష ఉంటే ఐదు నెలల్లో తేల్చమంటుంది. చాలా కేసులు అంతకన్నా ఎక్కువే పడతాయి, దానికి సిద్ధపడి వెళ్లండి.

కేసు తేలేవరకు పాడైన ఫోన్ జాగ్రత్తగా ఉంచండి. విసుగొచ్చి ఎక్స్‌ఛేంజ్‌లో ఇచ్చేసినవాళ్లు ఉన్నారు. ఫోన్ లేకుండా లోపం నిరూపించడం దాదాపు అసాధ్యం.

10. డబ్బు వెనక్కి వస్తే లోన్ మూయించండి

చాలామంది ఇక్కడ పని అయిపోయిందనుకుంటారు. ఫైనాన్స్ లోన్ అయితే షాపు ఆ డబ్బు ఫైనాన్స్ సంస్థకు పంపి లోన్ రద్దు చేయించాలి. మీరు అప్పటికే కట్టిన కిస్తీలు మీకు రావాలి. క్రెడిట్ కార్డు ఈఎంఐ అయితే ఇంకో చిక్కు ఉంది. డబ్బు కార్డు ఖాతాలో జమవుతుంది కానీ, కొన్ని బ్యాంకుల్లో మీరు ఫోన్ చేసి రద్దు చేయమనేదాకా ఈఎంఐ మాత్రం నడుస్తూనే ఉంటుంది. నో కాస్ట్ ఈఎంఐలో కూడా ప్రాసెసింగ్ ఫీజు, వడ్డీ మీద జీఎస్టీ పడి ఉంటాయి, అవి తిరిగి రాకపోవచ్చు. షాపును డబ్బు అడిగేటప్పుడే ఆ మొత్తం కూడా కలిపి అడగండి.

బాకీ లేదనే ఉత్తరం తీసుకోండి. ఆటో డెబిట్ అనుమతి రద్దయిందో లేదో బ్యాంకు యాప్‌లో చూడండి. లోన్ మూయకుండా తిప్పుతుంటే ముందు ఫైనాన్స్ సంస్థకు రాతపూర్వకంగా ఫిర్యాదు చేసి, 30 రోజుల్లో తేలకపోతే బ్యాంకులు, ఫైనాన్స్ సంస్థల మీద ఫిర్యాదులు తేల్చే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు వెళ్లండి. సమాచారం కోసం 14448.

రెండు నెలలు ఆగి క్రెడిట్ రిపోర్టు తీయండి. సిబిల్ సహా ఈ రిపోర్టులిచ్చే నాలుగు సంస్థలూ ఏడాదికోసారి పూర్తి రిపోర్టు ఉచితంగా ఇవ్వాలి. అందులో ఆ లోన్ ఎదురుగా "క్లోజ్డ్" అని ఉండాలి. "సెటిల్డ్" అని ఉంటే బాకీ పూర్తిగా తీరలేదన్న అర్థం వస్తుంది. బాకీ లేదన్న ఉత్తరం జతచేసి, ఆ రిపోర్టు ఇచ్చిన సంస్థకే ఆన్‌లైన్‌లో డిస్‌ప్యూట్ పెట్టి సరిచేయించండి.